నేను వండని రెక్కలు

మా అన్న కూతురు మౌనిక పోయిన నెల ఒక ఆదివారం పొద్దున భిక్నూర్ నుంచి కామారెడ్డికి, మా ఇంటికి వచ్చింది. చేతిలో పెద్ద సంచి. అందులో రెండు కిలోల కోడి రెక్కలు, ఒక సోయా సాస్ సీసా, సిర్కా అనే వెనిగర్ సీసా, నువ్వుల పొట్లం. చెప్పులు కూడా విప్పకముందే, "అత్తమ్మా, ఇయ్యాల నువ్వు నాకు ఆ రెక్కలు నేర్పియ్యాలె" అన్నది. ఏ రెక్కలు అని నేను అడగలేదు. మా కుటుంబంలో ఆ కథ తెలియనివాళ్లు లేరు. మా అన్న సంబంధం కోసం బీర్కూర్ నుంచి పిల్ల తరఫువాళ్లు మా ఎల్లారెడ్డి ఇల్లు చూడటానికి వచ్చిన రోజు, ఇరవై ఏళ్లు నిండిన నేను జపాన్ పద్ధతిలో తియ్యతియ్యగా, కారంగా, నిగనిగలాడే కోడి రెక్కలు వండి పెట్టాననీ, ఆ రుచికే మౌనిక తల్లివైపు తాత మారు మాట లేకుండా సంబంధానికి ఒప్పుకున్నాడనీ ఆ కథ. పెళ్లిళ్లలో, బారసాలల్లో ఎవరో ఒకరు దాన్ని తీస్తారు. నేను తల వంచుకొని నవ్వుతాను. అందరూ దాన్ని అణకువ అనుకుంటారు.

మౌనిక, ఆమె భర్త కలిసి భిక్నూర్ దగ్గర హైవే పక్కన చిన్న తిండి దుకాణం పెట్టబోతున్నారట. బిర్యానీ అందరూ అమ్ముతున్నారు కాబట్టి తమకంటూ ఒకటి ఉండాలని ఆలోచించారట. "బోర్డు మీద అత్తమ్మ రెక్కలు అని రాపిస్తం. నీ ఫోటో గూడ పెడతం" అన్నది. పోయిన ఎండాకాలం మా అన్న గుండెపోటుతో పోయిన తర్వాత ఆ పిల్ల ముఖంలో అంత హుషారు చూడటం అదే మొదటిసారి. ఆ క్షణంలోనే నిజం చెప్పేసి ఉండాల్సింది. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి, తప్పు రాసినవాళ్లను నిలబెట్టి మరీ అడిగినదాన్ని. కానీ ఫోటో అనేసరికి చెప్పలేకపోయాను. దానికితోడు, ఆనాడు పొయ్యి పక్కనే నిలబడి కళ్లారా చూశాను కదా, ఎట్లాగో నెట్టుకురావచ్చులే అనుకున్నాను. ఆ మొండి ధైర్యం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

వంటింట్లోకి పోగానే నా చెయ్యి అలవాటుగా పసుపు డబ్బా మీదికి పోయింది. రెక్కలకు పసుపు పట్టించి, కారం వేసి, అల్లం వెల్లుల్లి ముద్ద కలిపాను. మౌనిక ఫోన్‌లో ఏదో వీడియో పెట్టుకొని చూస్తూ, "దీంట్ల పసుపు వేస్తలేరు గద అత్తమ్మా" అన్నది. "వాళ్లకేం తెలుసు" అన్నాను. బియ్యప్పిండిలో పొర్లించి నూనెలో వేస్తే పిండి మొత్తం ఊడి నూనెలో తేలింది. అసలు రెక్కలకు తోలే లేదు. ఇప్పుడు మా దిక్కు కోడి దుకాణాలవాళ్లు అడగకుండానే తోలు వొలిచి ఇస్తారు. వద్దంటే వింతగా చూస్తారు. తోలు లేని రెక్కకు పిండి పట్టదు, పాకమూ పట్టదు. నేను సోయా సాస్‌లో చక్కెర పోసి పెద్ద మంట మీద పెట్టి మౌనికతో మాట్లాడుతుంటే అది కాస్తా నల్లగా మాడి, పొగ లేచి, ఇద్దరికీ దగ్గు పట్టుకుంది. కిటికీ తీసి, దగ్గుతూనే ఆ పిల్ల నవ్వింది.

"అత్తమ్మా, నువ్వు నిజంగ ఎప్పుడన్న చేసినవా ఇయ్యి?"

సరదాకే అడిగింది. నేను గ్యాస్ ఆపేసి, స్టూల్ జరుపుకొని కూర్చున్నాను. "లేదు బిడ్డా" అన్నాను. "ఒక్కనాడు గూడ చెయ్యలే."

ఆమెకు చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. ఆమెకు చెప్పేటప్పుడు కొన్ని దాటేశాను, అవి కూడా రాస్తాను.

ఎల్లారెడ్డిలో మా ఇంట్లో కోడి కోయడం అంటే సగం రోజు పని. మా అవ్వ, అంటే మా అమ్మ, బూరు పీకిన కోడిని వరిగడ్డి మంట మీద తిప్పి కాల్చేది. ఆ సన్న బూరు కాలిన వాసన వాకిలి దాటి వీధిలోకి పోయేది, మా ఇంట్లో కోడికూర అని అందరికీ తెలిసేది. తర్వాత పసుపు రుద్ది, కడిగి, కత్తిపీట మీద ముక్కలు చేసేది. తోలు తీయడం అన్న మాట ఆమె వినలేదు. ఇక ముక్కల పంపకం. అది ఎవరూ రాయని చట్టం. కార్జం, కందనకాయ బాపుకు, అంటే మా నాన్నకు. తొడముక్క అన్నకు, చుట్టాలొస్తే చుట్టాలకు. రొమ్ముముక్కలు మాకు. అవ్వకు గంజు అడుగున ఏది మిగిలితే అది. మెడ, కాళ్లు, రెక్కలు మాత్రం మా జీతగాడు సాయిలువి. అవి కూర ఉడకకముందే వేరే తీసి, చిన్న గిన్నెలో విడిగా వండి, ఆకులో పెట్టి పశువుల కొట్టం దగ్గరికి పంపేవాళ్లం. సాయిలు తినే రెక్కను మా ఇంట్లో ఎవరైనా కోరి తినడం అంటే నవ్వులాట. నేను చిన్నప్పుడు ఒకసారి రెక్క కావాలని మారాం చేస్తే బాపు, "జీతానికి కుదురుతవా మరి?" అన్నాడు. అందరూ నవ్వారు, సాయిలు కూడా నవ్వాడు. అందులో నవ్వడానికి ఏముందో అప్పుడు నేను ఆలోచించలేదు.

బాపు నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదువుకున్నవాడు. ఉర్దూ పత్రికను చివరి పేజీ నుంచి మొదటి పేజీ దాకా వదలకుండా చదివేవాడు. తెలుగు మాత్రం అచ్చక్షరాలు కూడబలుక్కోవడమే, చేతిరాత అస్సలు వచ్చేది కాదు. అవ్వకు ఏ రాతా రాదు. అందువల్ల అన్న దుబాయి పోయిన తర్వాత వచ్చిన ప్రతి ఉత్తరం నేనే చదివాను, జవాబు నేనే రాశాను. అప్పుడు నేను ఇంటర్లో ఉన్నాను. ఉత్తరం వచ్చిందంటే బాపు మంచం మీద కూర్చొని, వీధిలో పోయే ఇద్దరు ముగ్గురిని పిలిచి కూర్చోబెట్టుకొని, "చదువు బిడ్డా" అనేవాడు. నలుగురి ముందు చదివించుకోవడం ఆయనకు గొప్ప.

మొదటి ఉత్తరంలో అన్న ఇట్లా రాశాడు: పెద్ద హోటల్ల పని దొరికింది, వంటింట్ల గిన్నెలు కడుగుడు, పని ఖరాబ్ లేదు, మనుషులు మంచోళ్లు, బాపును పరేషాన్ కావద్దని చెప్పు. నేను గిన్నెలు అన్న మాట దాకా వచ్చి తల ఎత్తాను. బాపు ముఖం వెలిగిపోతోంది. పక్కన ఇద్దరు పెద్దమనుషులు చుట్టలు పట్టుకొని నా నోరే చూస్తున్నారు. చెరుకు, వరి పండించే ఇంటి పెద్దకొడుకు పరాయిదేశంలో ఎంగిలి గిన్నెలు కడుగుతున్నాడని వాళ్ల ముందు చదవలేకపోయాను. "పెద్ద హోటల్ల ఆఫీసు పని దొరికింది" అని చదివాను. ఒక్క మాట. అంతే అనుకున్నాను.

కానీ ఉత్తరాలు వస్తూనే ఉంటాయి కదా. గిన్నెల నుంచి కూరగాయలు కోసే పనికి మార్చారని అన్న రాస్తే, నేను ఆఫీసులో పెద్ద గుమాస్తాను చేశాను. జపాన్ వంటలు చేసే ఒక ముసలాయన తన పక్కన పొయ్యి దగ్గర నిలబెట్టుకున్నాడనీ, తనను చూస్తే ఆయనకు నమ్మకం కుదిరిందనీ రాస్తే, అన్నను సూపర్‌వైజర్ను చేశాను. ఆ ముసలాయన కోడి రెక్కల పని మొత్తం తనకే అప్పజెప్పాడనీ, రోజూ వందల రెక్కలు తన చేతి మీద పోతున్నాయనీ మురిసిపోతూ నాలుగు పేజీలు రాసిన ఉత్తరానికి మేనేజర్ అయిపోయాడు. లెక్కల మనిషిని కాబట్టి ప్రమోషన్లు వరస తప్పకుండా ఇచ్చాను. అన్న నిజంగా పైకి వస్తూనే ఉన్నాడు. ఆ సంతోషాన్ని కూడా నిజంగానే రాశాడు. నేను ఆ సంతోషాన్ని ఉంచుకొని, దాని కారణాన్ని మార్చేశాను.

నాలుగేళ్లకు అన్న సెలవు మీద వచ్చాడు. రెండో రోజే బాపు అతన్ని వెంటబెట్టుకొని బజారంతా తిప్పి, "మా పెద్దోడు, దుబాయిల మేనేజర్" అని చెప్పుకొచ్చాడు. ఇంటికి రాగానే అన్న నన్ను బావి దగ్గరికి పిలిచాడు.

"నేను మేనేజర్ ఎప్పుడైన్నే?"

చెప్పాను. మొత్తం విని, కడుపు పట్టుకొని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "బాపుకు నేను చెప్త" అన్నాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను. డిగ్రీ అయిపోగానే నాకు బీఎడ్‌కు పోవాలని ఉంది. బాపు అవును కాదు అనకుండా నాన్చుతున్నాడు. నాలుగేళ్లు తన కళ్లలో దుమ్ము కొట్టానని తెలిస్తే నన్ను గడప దాటనిస్తాడా? "ఇప్పుడే వద్దు అన్నా, నా చదువు ఖరాబ్ అయితది" అన్నాను. అన్న బావిలోకి చూస్తూ, "సరే తియ్యి. టైం చూసి చెప్త" అన్నాడు. అది నా కోసం ఒప్పుకున్నాడు.

ఆ టైం బీర్కూర్ సంబంధంతో వచ్చింది. అన్న పోయి పిల్లను చూసి వచ్చాడు, నచ్చింది. ఇక వాళ్లు మా ఇల్లు చూడటానికి రావాలి. ఆ వార్త వచ్చిన రోజు అన్న మళ్లీ నన్ను పిలిచాడు. ఈసారి నవ్వలేదు.

"చెల్లే, ఆ పిల్ల నన్ను చేసుకుంటే నా పని ఏందో ఎర్కయ్యే చేసుకోవాలె. మేనేజర్ అనుకొని వచ్చి, రేపు వంటోడని తెలిస్తే జిందగీ మొత్తం ఆ మాట నడుమ ఉంటది. నోటితోని చెప్తే బాపు ఇజ్జత్ పోయిందని పరేషాన్ అయితడు. అందుకే నేనే వండి పెడ్త. తిన్నంక వాళ్లే అడుగుతరు, ఎవలు వండిన్రని. అప్పుడు నేను అని చెప్త. రుచి నోట్ల ఉండంగ చెప్తే ఎవలు గూడ తక్కువ చెయ్యరు."

ఎంత ఆలోచించి పెట్టుకున్నాడో ఆ మాటల్లో తెలిసింది. నేను తల ఊపాను.

బాపుకు దుబాయి వంటకం అని మాత్రమే చెప్పాం. కొడుకు పక్కన నిలబడి చెప్తాడు, అవ్వ వండుతుంది అనుకొని బాపు సంబరపడ్డాడు. అన్న ముందురోజు బస్సులో కామారెడ్డికి వచ్చి, అప్పుడప్పుడే పెట్టిన ఫారం కోళ్ల దుకాణంలో రెక్కలు అడిగితే, అవి ఎవరూ కొనరని దుకాణమాయన సంచి నిండా ఇచ్చాడట. తెచ్చిన సంచి వాకిట్లో విప్పితే సాయిలు వచ్చి చూసి నోరు తెరిచాడు. "ఇన్ని రెక్కలు నేనొక్కన్ని ఎట్ల తినాలె అన్నా?" అన్నాడు. అన్న నవ్వి, "ఈసారి నీకు కాదురా, చుట్టాలకు" అంటే, సాయిలు నా వైపు తిరిగి, "అన్నకు ఎండ తాకిందా అక్కా?" అని మెల్లగా అడిగాడు.

అన్న వండుతుంటే చూడటం నాకు అదే మొదలు, అదే కడ. రెక్కను కీలు దగ్గర ఒక్క దెబ్బకు విడదీసి, కొస కోసేసి, ఉప్పు మిరియాలు తప్ప ఏమీ పట్టించకుండా, తడి లేకుండా బట్టతో అద్ది, పిండి దులిపినట్టుగా చల్లి, నూనెలో మెల్లగా వేయించి తీశాడు. చల్లారనిచ్చి మళ్లీ పెద్ద మంట మీద వేయించాడు. తోలు పెళపెళలాడింది. మాట్లాడలేదు, తల ఎత్తలేదు. ఇంట్లో బద్ధకంగా కాళ్లు చాపుకొని కూర్చునే మా అన్నేనా ఇతను అనిపించింది. దుబాయి నుంచి తెచ్చిన సీసాలోని నల్లని పులుసు, చక్కెర, సిర్కా, దంచిన అల్లం వెల్లుల్లి కలిపి గంజులో పొయ్యి మీద పెట్టాడు. అక్కడ గ్యాస్ మీద అలవాటైన చెయ్యి, ఇక్కడ కట్టెల మంట. పులుసు ఒక్కసారిగా పొంగి చిక్కబడుతోంది. అన్న తడబడ్డాడు. కోడికూరలో చక్కెరేంది అని అప్పటిదాకా మూతి ముడుచుకొని కూర్చున్న అవ్వ లేచి వచ్చి గంటె పైకెత్తి చూసింది. "ఇది పాకం గదరా" అన్నది. రెండు కట్టెలు వెనక్కి గుంజి, ఒక చుక్క చల్లనీళ్లలో వేసి వేలితో ముట్టుకొని, "తీగ రానియ్యకు, రాయి అయితది. ఇగ దించు" అన్నది. ఏళ్లుగా అరిసెల పాకం పట్టిన చెయ్యి. దించి, రెక్కలు అందులో పోసి కుదిపి, వేయించిన నువ్వులు చల్లేసరికి గంజు నిండా ఎర్రగా మెరుస్తూ వంట తయారైంది. తల్లీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వుకున్నారు.

చుట్టాలు పంక్తిలో కూర్చున్నారు. నేను ఇస్తరాకులు వేసి, గంజు తెచ్చి వడ్డించాను. ఆకులో ఏం పడుతోందో అప్పుడు చూశాడు బాపు. రెక్కలు. జీతగాడి పాలు, కాబోయే వియ్యంకుడి ఆకులో. ఆయన ముఖం నల్లబడింది. బీర్కూర్ పెద్దాయన కూడా కొంచెంసేపు ఆకు వైపే చూశాడు, ఆయన ఇంట్లోనూ అదే చట్టం అయి ఉంటుంది. అయినా మర్యాద తెలిసిన మనిషి, ఒకటి తీసి కొరికాడు. ఆగాడు. ఇంకొకటి తీశాడు. ఎముకలు ఒక పక్కన పేరుస్తూ తిన్నాడు. మిగతావాళ్లూ తిన్నారు. రెండోసారి అడిగారు, మూడోసారి కూడా అడిగారు. అప్పుడు ఆయన చెయ్యి కడగడానికి లేవబోతూ, "గింత రుచి నేనెన్నడు తినలే. ఎవలు వండిన్రు?" అన్నాడు.

అన్న వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, భుజం మీద తువ్వాల. నోరు తెరవబోతున్నాడు. బాపు అన్న వైపు చూడలేదు, నా వైపు చూశాడు. అవ్వ పేరు వస్తుందని ఆయన అనుకొని ఉండవచ్చు. నాకు మాత్రం ఒక్కటే కనిపించింది: ఇప్పుడు అన్న చెప్తాడు, ఆ వెంటనే నాలుగేళ్ల ఉత్తరాలు బయటికి వస్తాయి.

"నేను" అన్నాను.

పెద్దాయన నన్ను పైకీ కిందికీ చూశాడు. "డిగ్రీ చదివే పిల్ల గిట్ల వండుతదా? ఇగ చూసేదేముంది. ఈ ఇంట్ల నా బిడ్డ సుఖపడతది" అన్నాడు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను అన్న వైపు చూడకుండా గంజు తీసుకొని లోపలికి పోయాను. ఆ సాయంత్రం బాపు నా తల మీద చెయ్యి పెట్టి, "నా ఇజ్జత్ నిలబెట్టినవ్ బిడ్డా. బీఎడ్‌కు పో" అన్నాడు. నేను పోయాను. నా ఉద్యోగం, ఈ కామారెడ్డి ఇల్లు, ఈ మనశ్శాంతి అంతా ఆ ఒక్క మాట మీద లేచి నిలబడ్డాయి. ఈ ఒక్కటి మౌనికకు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

చుట్టాలు పోయిన తర్వాత అన్న గంజు తానే తోమాడు. సగం మిగిలిన సీసా తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇగ ఇది నీదే" అన్నాడు. అంతే. పెళ్లి అయ్యింది, మళ్లీ దుబాయి పోయాడు, ఇరవై ఏళ్లు వచ్చి పోతూ ఉన్నాడు. ఇంటికి వచ్చినప్పుడు ఎవరైనా ఏం పని అని అడిగితే హోటల్ లైన్ అనేవాడు. తిరిగి వచ్చి స్థిరపడిన తర్వాత కూడా పొయ్యి దగ్గరికి పోవడం నేను చూడలేదు. వదినకు జ్వరమొస్తే హోటల్ నుంచి ఇడ్లీ తెచ్చేవాడు.

మౌనిక అంతా విన్నది. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. "అంటే బాపు వంటోడా?" అన్నది. "చాయ గూడ పెట్టకపోతుండె అత్తమ్మా. చేతగాదేమో అనుకున్న. బాపు చేతి వంట నేను ఒక్కనాడు తినలే." పదేళ్లుగా మౌనిక భర్త వీడియోలు చూసి రకరకాలు వండుతాడు, వండిన ప్రతిదాన్నీ ఫోటో తీసి అందరికీ పంపుతాడు. రేపు ఆ దుకాణంలో పొయ్యి దగ్గర నిలబడేది కూడా అతనే. ఎవరూ అతన్ని తక్కువగా చూడరు, చూస్తే మౌనిక ఊరుకోదు. రెక్కలు కూడా ఇప్పుడు కావాలని అడిగి, ఎక్కువ ధర పెట్టి తింటున్నారు. ఇప్పుడైతే మా అన్న తలెత్తుకొని చెప్పుకునేవాడు. అప్పుడు కూడా చెప్పుకోవాలనే అనుకున్నాడు. అడ్డుపడింది కాలం అని రాసుకుంటే నాకు బాగుంటుంది కానీ, అడ్డుపడింది నేను.

మౌనిక ఫోన్ తీసి వాళ్ల అమ్మకు కలిపి, స్పీకర్ పెట్టి నా ముందు ఉంచింది. "చెప్పు అత్తమ్మా" అన్నది. ఆ మాటలో కాఠిన్యం లేదు, కానీ తప్పించుకునే దారి కూడా లేదు. "వదినే, ఆనాడు రెక్కలు వండింది నేను కాదు. అన్న" అన్నాను. అటువైపు ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"పెండ్లైన ఏడాది ఒకసారి మీ అన్నను అడిగిన వదినే" అన్నది చివరికి. "మీ చెల్లె చేసిన రెక్కలు మా బాపు ఇంకా యాది చేస్తున్నడు, నువ్వు హోటల్ల ఉంటవ్ గద, చెల్లెను అడిగి నేర్చుకొని చెయ్యరాదా అని అడిగిన. అది నాతోని కాదు, మా చెల్లెకే వస్తది అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. నేను నిజమే అనుకున్న." తర్వాత, "మా బాపు సచ్చిపోయేదాంక నీ పేరే చెప్పిండు" అన్నది. తిట్టలేదు. పప్పు పొయ్యి మీద ఉందని ఫోన్ పెట్టేసింది. ఆమె తిట్టి ఉంటే నేను ఏడ్చేదాన్ని కాదేమో.

నేను ముఖం కడుక్కొని వచ్చేసరికి మౌనిక దుకాణానికి పోయి, తోలు తియ్యొద్దని గట్టిగా చెప్పి, మళ్లీ రెక్కలు తెచ్చింది. భర్తకు ఫోన్ చేసి బోర్డు ఇప్పుడే రాయించవద్దని కూడా చెప్పింది. అంటుకొని ఉన్న సన్న బూరును నేను గ్యాస్ మంట మీద కాల్చాను. ఆ తర్వాత చెయ్యి కలపలేదు, అన్న చేసింది చేసినట్టు చెప్పాను. కొస కొయ్యి. తడి అద్దు. పసుపు వద్దు. ఒకసారి తీసి, చల్లారినంక మళ్లీ వెయ్యి. ఆ పిల్ల తల ఎత్తకుండా, మాట్లాడకుండా చేసుకుంటూ పోయింది. ఆ నిలబడే తీరు అన్నదే, ఆ మెడ వంపు అన్నదే. పాకం దగ్గర మాత్రం నేను లేచి, చల్లనీళ్లలో చుక్క వేసి చూసి, అవ్వ చెప్పినట్టు తీగ రాకముందే దింపించాను. నువ్వులు చల్లి, పళ్లెంలో పోసి, ఇద్దరం వంటింట్లోనే కింద కూర్చున్నాం.

మౌనిక ఒకటి తీసుకొని మెల్లగా తిన్నది. ఎముక శుభ్రంగా చీకి పక్కన పెట్టింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ముఖం తేటగా ఉంది. "బాపు చేసినయి గిట్లనే ఉండెనా అత్తమ్మా?" అని అడిగింది.

అవునని అనడం ఎంత తేలిక. నోటి దాకా వచ్చింది. ఆనాడు పొయ్యి దగ్గర అన్న మొదటి రెక్క తీసి, ఊది, ఎట్లున్నదో చూడు చెల్లే అని నా చేతిలో పెట్టబోయాడు. చుట్టాలు తినకముందు ఎట్ల తింటనని నేను దాన్ని తిరిగి గంజులోనే పెట్టించాను. వాళ్లు తిని లేచిన తర్వాత ఆడవాళ్లం కూర్చునేసరికి గంజులో ఒక్కటి కూడా లేదు. తిన్నవాళ్లలో ఇప్పుడు ఎవరూ బతికి లేరు, అడుగుదామన్నా.

"నాకు తెల్వదు బిడ్డా" అన్నాను. "నేను తినలే."